జబ్బుపడ్డ కోరల్‌ను గుర్తించడం, బాగుచేసుకోవడం: ఇంటి రీఫ్ ట్యాంక్‌కు సమగ్ర మార్గదర్శి

ఇంట్లో ఉప్పునీళ్ల ట్యాంకులో పెంచే కోరల్ (పగడపు జీవి) ముడుచుకుపోయినా, రంగు తగ్గినా చాలామంది కంగారులో మూడు పనులు చేస్తారు: నీళ్లు సగానికి సగం మారుస్తారు, ఏదో ఒక సప్లిమెంట్ పోస్తారు, కోరల్‌ను తీసి ఇంకో చోట పెడతారు. మూడూ ఒకే రోజు చేస్తే అసలు జబ్బేమిటో ఇక తెలిసే దారి ఉండదు. దానంతటదే తేరుకోగలిగిన కోరల్ కూడా ఆ కుదుపుకే పోతుంది. కాస్త అటూఇటూగా ఉన్న అంకెలకు కోరల్ అలవాటు పడగలదు, అంకె ఉన్నట్టుండి మారితే మాత్రం తట్టుకోలేదు. అందుకే ముందు చూడండి, తర్వాత కొలవండి, ఆ తర్వాత ఒకసారికి ఒక్కటే మార్చండి.

ఆగి చూసే సమయం లేని సందర్భాలు రెండే: కోరల్ మీద గోధుమరంగు జిగురు తేలడం, గంటల వ్యవధిలో కండ ఊడిపోతూ ఉండడం. ఈ రెంటిలో ఏది కనిపించినా నేరుగా కింద ఉన్న అత్యవసర భాగానికి వెళ్లండి.

కండ ఉందా, ఊడిందా?

ముందు లైట్‌లో నీలం తగ్గించి తెల్లటి వెలుగు పెట్టండి. నీలం వెలుగు కింద సగం చచ్చిన కోరల్ కూడా మెరుస్తూ మోసం చేస్తుంది. వేవ్‌మేకర్ (నీళ్లలో ప్రవాహం పుట్టించే పంపు) ఆపి, గాజు తుడిచి, భూతద్దంతో దగ్గరగా చూడండి.

తెల్లబడ్డ కోరల్స్ అన్నీ ఒకటి కావు. కోరల్ కండలో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు ఉంటుంది. వెలుతురుతో ఆహారం తయారుచేసి కోరల్‌కు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం అందించేది అదే. నీళ్లు వేడెక్కినా, వెలుగు హఠాత్తుగా పెరిగినా కోరల్ ఆ నాచును బయటికి తోసేస్తుంది. దీన్నే బ్లీచింగ్ అంటాం. అప్పుడు కండ గాజులా పారదర్శకంగా మారి, లోపలి తెల్లటి ఎముక కనిపిస్తుంది. కానీ ఆ కండ ఎముకను అంటుకునే ఉంటుంది. లైట్లు ఆరిన గంటకు టార్చ్ వేసి చూస్తే పాలిప్స్ (కోరల్‌లో నోరూ తంతువులూ ఉండే చిన్న జీవులు) బయటికి వచ్చి ఉంటాయి. ఈ కోరల్‌కు ప్రాణం ఉంది, ఆకలితో ఉంది, అంతే.

కండ ఊడిన చోటు వేరుగా ఉంటుంది. ఎముక గరుకుగా, పాలిప్స్ కూర్చునే చిన్న గుంతల అంచులు పదునుగా కనిపిస్తాయి. రెండు మూడు రోజుల్లో దానిమీద పచ్చగానో గోధుమగానో నాచు పొర పడుతుంది. బతికున్న కండకూ బోడి ఎముకకూ మధ్య గీత గీసినట్టు హద్దు ఉంటుంది. జబ్బు ముదురుతోందా, ఆగిందా అన్నది చెప్పేది ఆ హద్దే. అది పలచబడి, చిరిగి, పీలికలుగా వేలాడుతుంటే జబ్బు నడుస్తోందని అర్థం. దళసరిగా, గుండ్రంగా, రంగు నిండుగా ఉంటే ఆగినట్టే.

ఊడడం ఎక్కడ మొదలైందో కూడా చూడండి. ఆక్రొపొరా వంటి కొమ్మల కోరల్‌లో మొదలు నుంచి పైకి మెల్లగా ఊడుతుంటే ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి గుణం) ఒడిదుడుకులనూ, నీడనూ, అడుగున ప్రవాహం చాలకపోవడాన్నీ ముందు అనుమానించాలి. కొనలు మాత్రమే కాలినట్టు తెల్లబడితే ఆల్కలినిటీ ఎక్కువై, నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు దగ్గరగా ఉండి ఉంటాయి. లైట్‌కు ఎదురుగా ఉన్న పైభాగం మాత్రమే పాలిపోతే వెలుగుదే తప్పు. మచ్చలు మచ్చలుగా పోతుంటే పురుగు కోసమో, కొరికే చేప కోసమో వెతకాలి. ఒక పక్కనే కాలిన గుర్తుంటే అటువైపు పొరుగున ఏ కోరల్ ఉందో చూడండి. గలాక్సియా, యూఫిలియా వంటివి రాత్రిపూట పొడవాటి తంతువులు చాచి పక్కదాన్ని కుడతాయి. గలాక్సియాకైతే కనీసం 15 సెంటీమీటర్ల ఖాళీ ఇవ్వండి, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది.

జబ్బు కానివాటికి మందు వేయకండి. లెదర్ కోరల్ పాలిప్స్ లోపలికి తీసుకుని, మైనం పూసినట్టు మెరుస్తూ కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాల వరకు అలాగే ఉంటుంది. పై పొర వదిలేశాక మళ్లీ విచ్చుకుంటుంది. ఆ పొర ఊడిరావడానికి ప్రవాహం కాస్త పెంచితే చాలు. యూఫిలియా రాత్రి చిన్నదైపోవడం, ఎల్‌పీఎస్ అని పిలిచే పెద్ద పాలిప్ కోరల్స్ అప్పుడప్పుడు నోటి నుంచి గోధుమరంగు దారాల్లాంటివి వదలడం మామూలే. రోజూ వదులుతుంటే మాత్రం అది బ్లీచింగ్‌కు తొలి అడుగు.

ఒక్కటేనా, అన్నీనా?

ఒక్క కోరల్ మాత్రమే నలిగిందంటే కారణం దాని దగ్గరే ఉంటుంది: ఉన్న చోటు, పొరుగు, పురుగు, దెబ్బ. ఒకే జాతివి అన్నీ నలిగితే ఆ జాతికి పట్టే పురుగునో అంటు జబ్బునో అనుమానించండి. రకరకాల కోరల్స్ ఒకేసారి ముడుచుకున్నాయంటే నీళ్లలో ఏదో జరిగింది. అప్పుడు గడిచిన రెండు వారాల్లో ఏం మారిందో కాగితం మీద రాయండి: కొత్త ఉప్పు డబ్బా, కొత్త లైట్, డోసింగ్ పంప్ (సప్లిమెంట్లను కొలిచి పోసే పంపు) ట్యూబ్, ఆర్‌ఓ ఫిల్టర్, కొత్త చేప, ట్యాంక్ గదిలో వాడిన దోమల స్ప్రే. అసలు కారణం చాలాసార్లు ఆ జాబితాలోనే దొరుకుతుంది.

కొలతలు: ఈ వరుసలోనే

మొదట ఉష్ణోగ్రత. కంట్రోలర్ చూపే అంకెను నమ్మకుండా ఇంకో థర్మామీటర్ ముంచి చూడండి. 24.5 నుంచి 26.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, పగటికీ రాత్రికీ తేడా ఒక డిగ్రీ దాటకూడదు. హీటర్ ఆన్‌లోనే ఇరుక్కుపోవడం మామూలుగా జరిగే ప్రమాదం.

తర్వాత శాలినిటీ, అంటే నీటిలో ఉప్పు ఎంతుందన్నది. 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు), అంటే స్పెసిఫిక్ గ్రావిటీలో సుమారు 1.026. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను ఆర్‌ఓ నీళ్లతో సున్నాకు సరిచేసి ఊరుకుంటే 35 దగ్గర రెండు మూడు పాయింట్లు తప్పు చూపవచ్చు. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతోనే సరిచేయాలి. టాప్‌ఆఫ్ (ఆవిరైన నీటికి బదులు నీళ్లు నింపే ఏర్పాటు) సెన్సర్ ఇరుక్కుని మంచినీళ్లు ఎక్కువ పోసిందా, అసలు పోయడమే మానేసిందా అన్నది కూడా ఇప్పుడే చూడండి.

మూడోది ఆల్కలినిటీ. గట్టి కోరల్స్ విషయంలో మేము ముందుగా అనుమానించేది దీన్నే. 7.5 నుంచి 9 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) మధ్య ఏదో ఒక అంకె దగ్గర నిలకడగా ఉంటే చాలు. సహజ సముద్రపు నీటిలో ఇది 7 దగ్గర ఉంటుంది. ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు. మూడు రోజులు వరుసగా, పొద్దున లైట్లు వెలగక ముందూ రాత్రి ఆరే ముందూ కొలిచి రాయండి. రోజులో 1 డీకేహెచ్‌కు మించి ఊగుతుంటే దొంగ దొరికినట్టే.

నాలుగోది నైట్రేట్, ఫాస్ఫేట్. నైట్రేట్ 2 నుంచి 15 పీపీఎం (పది లక్షలకు ఇన్ని పాళ్లు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం ఉంటే బాగు. సున్నా వచ్చిందని సంబరపడకండి. ఈ రెండూ లేని నీళ్లలో కోరల్ పాలిపోతుంది, డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవుల జిగురు కూడా అలాంటి ట్యాంకుల్లోనే ఎక్కువగా పడుతుంది.

ఆ తర్వాత కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1280 నుంచి 1380 పీపీఎం. అమ్మోనియా కొలిస్తే సున్నా రావాలి. రాకపోతే రాళ్ల వెనక చచ్చిన చేపో నత్తో ఉందేమో వెతకండి.

అంకెలన్నీ బాగుండి కోరల్స్ అన్నీ నలుగుతుంటే లోహం మీదికి అనుమానం వెళ్లాలి. వేవ్‌మేకర్, గాజు తుడిచే అయస్కాంతం, పంపు ఇంపెల్లర్ ఒక్కొక్కటే తీసి చూడండి. అయస్కాంతం మీది ప్లాస్టిక్ పగిలి తుప్పు కారుతుంటే, ఉబ్బి ఉంటే ఆ వస్తువును వెంటనే తీసేయండి. లోహాలను పీల్చే రెజిన్ పెట్టి, 15 శాతం చొప్పున నీళ్లు మార్చుతూ రండి. ల్యాబ్‌కు నీళ్లు పంపి ఐసీపీ పరీక్ష (నీటిలో ఏ మూలకం ఎంతుందో చెప్పేది) చేయించడం ఇలాంటప్పుడే పనికొస్తుంది.

నీళ్లను సరిచేయడం

ట్యాంక్ మీద రాసిన లీటర్లతో లెక్క వేయకండి. రాళ్లు, ఇసుక పోగా ఉండే నీళ్లు తక్కువ, సంప్‌లోవి (ట్యాంక్‌కు కలిపి ఉండే అదనపు తొట్టిలోవి) కలపాలి. 100 లీటర్ల నీటిలో ఆల్కలినిటీ 1 డీకేహెచ్ పెరగాలంటే 3 గ్రాముల వంటసోడా కావాలి. బేకింగ్ పౌడర్ పనికిరాదు, శుద్ధమైన సోడియం బైకార్బనేట్ అయి ఉండాలి. నిజంగా 200 లీటర్ల నీళ్లున్న ట్యాంకులో 6.5 నుంచి 8కి తేవాలంటే మొత్తం 9 గ్రాములు. దాన్ని మూడు భాగాలు చేసి, రోజుకు 3 గ్రాములు అర లీటరు ఆర్‌ఓ నీళ్లలో పూర్తిగా కరిగించి, ప్రవాహం బలంగా ఉన్న చోట మెల్లగా పోయండి. అలా రోజుకు అర డీకేహెచ్ పెరుగుతుంది, కోరల్‌కు తెలియకుండానే పని జరుగుతుంది.

ఆల్కలినిటీ ఎక్కువైతే ఆమ్లం పోసి దించకండి. డోసింగ్ ఆపితే కోరల్సే వాడుకుంటూ దించుతాయి. కోరుకున్న అంకెకు చేరాక మళ్లీ డోసింగ్ మొదలుపెట్టండి, ఈసారి తక్కువ మోతాదుతో.

కాల్షియం 10 పీపీఎం పెరగడానికి 100 లీటర్లకు 3.7 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్, మెగ్నీషియం అంతే పెరగడానికి 8.4 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ పడుతుంది. సోడా పోసిన చోటే, పోసిన వెంటనే కాల్షియం పోస్తే రెండూ కలిసి తెల్లటి సున్నంలా పేరుకుపోతాయి. వాటి మధ్య కనీసం అరగంట ఎడం ఇవ్వండి. ఎంత పోసినా ఆల్కలినిటీ నిలవడం లేదంటే మెగ్నీషియం తక్కువ ఉందేమో చూడండి. ముందు దాన్ని సరిచేయాలి.

శాలినిటీని రోజుకు స్పెసిఫిక్ గ్రావిటీలో 0.001కి మించి పెంచకండి. తక్కువైనప్పుడు టాప్‌ఆఫ్‌కు మంచినీళ్ల బదులు ఉప్పునీళ్లు పోస్తూ పోతే రోజుల మీద మెల్లగా ఎక్కుతుంది. వేడెక్కిన ట్యాంకులో ఐసు గడ్డలు వేయకండి. నీటి ఉపరితలం మీదికి ఫ్యాన్ పెట్టి కొన్ని గంటల్లో దించండి.

నైట్రేట్ సున్నా అయితే చేపలకు మేత పెంచండి, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) రాత్రిళ్లు ఆపండి. అప్పటికీ కదలకపోతే సోడియం నైట్రేట్ వాడవచ్చు. 100 లీటర్లకు 0.14 గ్రాములు వేస్తే 1 పీపీఎం పెరుగుతుంది. ఫాస్ఫేట్ ఎక్కువైనప్పుడు దాన్ని పీల్చే ఐరన్ ఆక్సైడ్ మీడియా డబ్బా మీద రాసినంతా ఒక్కసారే వేయడం ప్రమాదం. ఎన్నో నెలలుగా 0.3లో బతికిన కోరల్ రెండు రోజుల్లో 0.02కి పడితే కండ వదిలేస్తుంది. నాలుగో వంతుతో మొదలుపెట్టి వారం వారం కొలవండి.

కారణం తేలనప్పుడు ధైర్యంగా చేయదగినవి రెండు. ఒకటి, 10 నుంచి 15 శాతం నీళ్లు, ఉష్ణోగ్రతా శాలినిటీ ట్యాంక్‌తో సరిపోల్చి మార్చడం. రెండోది కొత్త యాక్టివేటెడ్ కార్బన్. లెదర్ కోరల్స్ నీళ్లలోకి వదిలే విషాలు గట్టి కోరల్స్‌ను నలిపేస్తాయి, కార్బన్ వాటిని పీల్చుకుంటుంది. బాగా కడిగి పెట్టి, మూడు నాలుగు వారాలకోసారి మార్చండి.

వెలుగు, ప్రవాహం

మష్రూమ్, సాఫ్ట్ కోరల్స్‌కు 50 నుంచి 100, ఎల్‌పీఎస్‌కు 75 నుంచి 150, ఆక్రొపొరా వంటివాటికి 200 నుంచి 350 పార్ (కోరల్‌లోని నాచు వాడుకోగల వెలుగు కొలత) సరిపోతుంది. పార్ మీటర్ అద్దెకో అడిగో తెచ్చుకుని ఒక్కసారి కొలిచినా చాలు, ఊహ మీద ఆధారపడే పని తప్పుతుంది. బ్లీచ్ అయిన కోరల్‌ను తన మామూలు వెలుగులో సగానికి దించండి. తీసి కింద పెట్టడం కన్నా లైట్ తీవ్రత తగ్గించడమో, పైన వల కట్టడమో మేలు, కోరల్‌ను ముట్టుకోనక్కరలేదు. రంగు తిరిగి రావడం మొదలయ్యాక వారానికి 5 శాతం చొప్పున పెంచండి.

యూఫిలియా తంతువులు ఒకే వైపు వాలి, చర్మం ఎముక పళ్లకు రాసుకుంటుంటే ప్రవాహం నేరుగా తగులుతోంది. వేవ్‌మేకర్‌ను గాజు వైపు తిప్పండి.

పురుగుల వేట

లైట్లు ఆరిన రెండు గంటలకు ఎర్ర టార్చ్‌తో చూడండి. ఆక్రొపొరా మీద పిన్నుతలంత గుండ్రటి పాలిపోయిన గుర్తులు గుంపులుగా ఉంటే చదునుపురుగులు కొరికినట్టు. పురుగు కోరల్ రంగులోనే ఉంటుంది, కంటికి దొరకదు. రబ్బరు బల్బు ఉన్న పెద్ద పిప్పెట్‌తో నీళ్లు గట్టిగా ఊదితే రేకులా లేచి తేలుతుంది. కండ లేని మొదలు దగ్గర బంగారు గోధుమ రంగు చుక్కలు పక్కపక్కనే పేర్చినట్టుంటే అవి దాని గుడ్లు. మాంటిపొరా అంచులు తెల్లగా తిని ఉంటే పలక తిరగేసి అడుగు చూడండి, మిల్లీమీటర్ల పొడవున్న తెల్లటి న్యూడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు) అక్కడే దాక్కుంటాయి. జోయాంథిడ్స్ ముడుచుకునే ఉంటే వాటిని తినే న్యూడిబ్రాంక్ అదే రంగులో మధ్యలో కూర్చుని ఉండవచ్చు, లేదా గోధుమ చారల సన్‌డయల్ నత్త ఉండవచ్చు. ఆక్రొపొరా కండ మీద కదిలే ఎర్రచుక్కలు రెడ్ బగ్స్. వాటిని చంపే మిల్బెమైసిన్ రొయ్యలనూ పీతలనూ కూడా చంపుతుంది కాబట్టి వైద్యం వేరే తొట్టిలోనే జరగాలి. ఇవేవీ లేకుండా పగలే గాయాలు పడుతుంటే ఏంజెల్ చేపను గంటసేపు గమనించండి.

డిప్ చేసే పద్ధతి

డిప్ అంటే కోరల్‌ను కాసేపు మందు కలిపిన నీళ్లలో ముంచి తీయడం. ఒక జాగ్రత్త ముందే. జోయాంథిడ్స్, పాలీథోవాలలో పాలీటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయకండి, గీకకండి. వాటితో ఉన్న రాయిని ఎప్పుడూ మరిగించకండి, వేడినీళ్లు పోయకండి, ఆ ఆవిరి పీల్చినవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు.

1. ట్యాంక్ నీళ్లతోనే మూడు పాత్రలు నింపండి: ఒకటి డిప్‌కు, రెండు కడగడానికి. ఉష్ణోగ్రత ట్యాంక్‌తో సమానంగా ఉండాలి, చిన్న పంపు ఒకటి డిప్ పాత్రలో తిరగాలి.
2. పురుగులకైతే కోరల్ డిప్ మందును సీసా మీది మోతాదులోనే కలపండి. గాయాలు, కుళ్లు మొదలైన కోరల్‌కైతే 5 శాతం లూగోల్స్ అయోడిన్ లీటరుకు 5 నుంచి 10 చుక్కలు, 10 నిమిషాలు. బాగా నీరసించినదానికి 5 చుక్కలు మించవద్దు.
3. పిప్పెట్‌తో అన్ని వైపుల నుంచీ ఊదండి, అడుగున తెల్లటి పళ్లెం పెడితే రాలిన పురుగులు కనిపిస్తాయి.
4. రెండు పాత్రల్లో వరుసగా కడిగాక గుడ్లున్న చోటును సూదితోనో పాత టూత్‌బ్రష్‌తోనో గీకండి. ఫ్రాగ్ (కోసిన కోరల్ ముక్క) అంటించిన ప్లగ్‌ను (చిన్న దిమ్మను) పారేసి కొత్తదానికి అంటించడం ఇంకా నయం.
5. డిప్ నీళ్లు ట్యాంకులో పోయకండి.

ఏ డిప్పూ గుడ్లను చంపదు. అందుకే 5 నుంచి 7 రోజులకోసారి, కనీసం ఆరు వారాలు చేయాలి. మూడు డిప్‌లకే పురుగులు కనిపించడం లేదని ఆపినవాళ్ల ట్యాంకుల్లో నెల తిరక్కుండానే మళ్లీ కొరికిన గుర్తులు పడతాయి.

అత్యవసరం: బ్రౌన్ జెల్లీ, ఆర్‌టీఎన్ (వేగంగా కండ ఊడిపోవడం)

బ్రౌన్ జెల్లీ ఎక్కువగా యూఫిలియా జాతులకు పడుతుంది. ఒక తల మీద గోధుమరంగు జిగురు తేలుతుంది, కింద కండ కరిగి ఉంటుంది, నీళ్ల నుంచి తీస్తే కుళ్లిన వాసన కొడుతుంది. ఆ జిగురులో బ్యాక్టీరియాతో పాటు కండ తినే సీలియేట్లు అనే సూక్ష్మజీవులు ఉంటాయి. ప్రవాహంతో కొట్టుకెళ్లి పక్క తలకు అంటుకుంటే అదీ పోతుంది. అందుకని ముందు పంపులన్నీ ఆపండి. సన్నటి గొట్టంతో జిగురును బయటి బకెట్‌లోకి లాగేయండి, తర్వాతే కోరల్‌ను కదపండి. జబ్బు తలను దాని కొమ్మ దగ్గర ఎముక కోసే కట్టర్‌తో వేరుచేసి పారేయండి. మిగతావాటికి అయోడిన్ డిప్ ఇచ్చి, వీలైతే వేరే తొట్టిలో రెండు వారాలు ఉంచండి. కట్టర్‌ను ప్రతి కోతకూ మంచినీళ్లలో కడిగి స్పిరిట్‌తో తుడవండి.

ఆర్‌టీఎన్‌లో కండ తడిసిన కాగితంలా పొరలుగా ఊడి, ఒక రోజులో కాలనీ మొత్తం తెల్లబడుతుంది. ఇక్కడ మొత్తాన్ని కాపాడాలని చూస్తే ఏదీ మిగలదు. ఊడుతున్న హద్దుకు 1 నుంచి 2 సెంటీమీటర్ల అవతల, బాగున్న కండలో కోయండి. హద్దు మీదే కోస్తే జబ్బు ముక్కతో పాటే వస్తుంది. నాలుగైదు కొనలు కోసి, అయోడిన్ డిప్ ఇచ్చి, సయనోయాక్రిలేట్ జెల్ గమ్‌తో ప్లగ్‌లకు అంటించి, మధ్యస్థమైన వెలుగులో, ఒకదానికొకటి దూరంగా పెట్టండి. వేరే ట్యాంక్ ఉన్న స్నేహితులకు ఒక ముక్క ఇవ్వడం మంచి జాగ్రత్త. మెల్లగా నడిచే ఊడుడులో మాత్రం కోయడానికి తొందరపడకండి. హద్దు పొడవునా జెల్ గమ్ సన్నగా రాసి, ఆల్కలినిటీ నిలకడగా ఉంచి రెండు వారాలు చూస్తే చాలాసార్లు ఆగిపోతుంది.

కోలుకునే వారాలు

ఎల్‌పీఎస్‌కు వారానికి రెండుసార్లు, రాత్రి తంతువులు బయటికి వచ్చాక, ఐసు కరిగించి కడిగిన మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) చిన్న ముక్కలు పిప్పెట్‌తో మెల్లగా అందించండి. ముడుచుకుని ఉన్నదాని నోట్లో కుక్కితే అది లోపలే కుళ్లి కొత్త జబ్బవుతుంది. 20 నిమిషాల్లో తీసుకోకపోతే ఆ మేత తీసేయండి. చేపలు లాక్కోకుండా పైన సగం కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లించవచ్చు. చిన్న పాలిప్ కోరల్స్‌కు వేరే మేత అంతగా అక్కర్లేదు, చేపల మేత పెంచితే సరిపోతుంది.

బోడి ఎముక మీద దారాల్లాంటి నాచు పెరిగి బతికున్న కండను తోసేస్తుంటుంది. వారానికోసారి మెత్తటి బ్రష్‌తో తీసేయండి, కండ అంచును మాత్రం ముట్టుకోకండి. ప్రతి ఆదివారం ఒకే కోణంలో, తెల్లటి వెలుగులో ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి తెలియని మార్పు నాలుగు ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. బ్లీచింగ్ నుంచి రంగు తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ముందు గోధుమ రంగు వస్తుంది, అసలు రంగు ఆ తర్వాతే. గోధుమగా మారిందని మళ్లీ లైట్ మార్చకండి, అది నాచు తిరిగి చేరుతోందనడానికి గుర్తు.

ఎక్కడా కండ లేని ఎముకను బయటికి తీసేయడమే మంచిది. ఫంజియా (పలకలా ఉండే కోరల్) మాత్రం మినహాయింపు. పూర్తిగా చచ్చిందనుకున్న దాని పలక మీద నెలల తర్వాత చిట్టి పిల్లలు మొలుస్తాయి, కాబట్టి తక్కువ వెలుగున్న మూల పడి ఉండనివ్వండి.

ఇకపై తెచ్చే ప్రతి కోరల్‌నూ మొదటి రోజే డిప్ చేసి, ప్లగ్ మార్చి, చిన్న లైటూ హీటరూ ఉన్న 30, 40 లీటర్ల తొట్టిలో ఆరు వారాలు విడిగా ఉంచండి. ఆ వారాల్లో మిగిలిన డిప్‌లు అక్కడే పూర్తవుతాయి, పురుగు బయటపడినా రాళ్ల నిండా కోరల్స్ ఉన్న పెద్ద ట్యాంకును విప్పాల్సిన పని ఉండదు.